కుక్క తోక పట్టుకుని కొండెక్కడం

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు అని మనకో సామెత ఉంది. ఆనుకోవడానికి వీల్లేనిదాన్ని ఆసరా చేసుకుని పెద్ద పనికి దిగేవాణ్ణి చూసి అనే మాట అది. గోదారి మట్టుకు ఆ సామెతతో నాకు పేచీ లేదు. కొండల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అందులోనూ ఇంటిని చక్రాల మీద పెట్టుకుని కొండలెక్కేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి, దాన్ని తిరగేసి చెప్పుకోవాలని ఈ పూట నా వాదన. మంచం, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానాల గది అన్నీ ఇమిడిన బండిని మన దేశంలో కారవాన్ అనో మోటార్ హోమ్ అనో అంటున్నాం. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఆర్వీ అంటారు. వేసవి సెలవులొస్తే డాలస్ నుంచీ డెన్వర్ నుంచీ ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ బండ్లు అద్దెకు తీసుకుని రాకీ పర్వతాల దారి పడతాయి. వాటిలో కొన్నిటిలో ఇప్పుడు ఒక కుక్క కూడా ఉంటోంది. ఆ ప్రయాణంలో ఏ దారిన వెళ్లాలి, ఎంత మెల్లగా వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఏది చూడకుండా వదిలెయ్యాలి అన్నవి కుక్క ఒంటిని బట్టి తేల్చుకోవాలంటాను. ఇది జాలి కొద్దీ చెప్పే మాట కాదు. కుక్క తెలివైనదని చెప్పే మాట అంతకన్నా కాదు, తెలివితక్కువ పనులు చెయ్యడంలో అది మనకేమీ తీసిపోదు. సంగతేమిటంటే, కొండ మీద బండి తట్టుకోగలిగిన హద్దూ, కొండ ఓర్చుకోగలిగిన హద్దూ, కుక్క భరించగలిగిన హద్దూ దాదాపు ఒక్కచోటే ఉంటాయి. బండి తన హద్దును ముందుగా చెప్పదు, దాటాక బ్రేకులు కాలిన వాసన వస్తుంది. కొండ అసలే చెప్పదు. కుక్క చెబుతుంది. నాలుక వేలాడేస్తుంది, చొంగ కారుస్తుంది, ఊరికే ఆవలిస్తుంది, వణుకుతుంది, గిన్నెలో పెట్టింది ముట్టదు.

ముందు బండి సంగతి. అద్దెకు దొరికే ఆర్వీల్లో ఎక్కువ భాగం పెద్ద వ్యాన్ చట్రం మీద కట్టిన గదులు. పొడవు 25 నుంచి 30 అడుగులు, సామానూ నీళ్లూ మనుషులూ కలిస్తే బరువు ఐదారు టన్నులు. నడిపేవాడు మాత్రం ఏడాదంతా కారు తోలినవాడు. ఎక్కేటప్పుడు పెద్ద చిక్కేమీ లేదు, బండి రొప్పుతూ ఎక్కుతుంది, వెనకున్నవాళ్లు విసుక్కుంటారు, అంతే. చిక్కంతా దిగేటప్పుడే. ఆరు టన్నుల బండి వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందంటే, అది వదిలించుకోవలసిన శక్తి సుమారు 170 లీటర్ల చన్నీళ్లను మరిగించగలిగినంత ఉంటుంది. అందులో కొంత గాలికి పోతుంది, కొంత టైర్లు తింటాయి. మిగతాదాన్ని ఇంజను పట్టి ఉంచాలి, లేదా బ్రేకులు వేడిగా మార్చాలి. పెళ్లివారి గంగాళం కింద పెట్టవలసినంత మంటను నాలుగు చక్రాల దగ్గరున్న ఇనుప బిళ్లల్లోకి ఎక్కిస్తే అవి ఎంతసేపని పట్టుకుంటాయి? వేడెక్కిన కొద్దీ పట్టు తప్పుతుంది, పెడల్ తొక్కినా బండి ఆగదు. అందుకే ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని లారీవాళ్లు చెప్పుకునే పాత సూత్రం. మన ఘాట్ రోడ్లలోనూ డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించే డ్రైవర్‌ను తోటి డ్రైవర్లే తిడతారు.

ఇక్కడే కుక్క వస్తుంది. వెనక ఉన్న కుక్కకు దారి కనిపించదు, మలుపు రాబోతోందని తెలియదు. హెయిర్‌పిన్ వంపుల్లో వేగంగా దించి, వంపు వంపుకూ బ్రేకు కొట్టి, మళ్లీ వేగం పెంచే నడకకు దానికి ముందు కడుపులో తిప్పుతుంది, తరవాత కాళ్లు నిలవవు. తక్కువ గేరులో, ఒకే మెల్లని వేగంతో, బ్రేకు మీద కాలు పెట్టకుండా దించితే అది పడుకుని నిద్రపోతుంది. అంటే బ్రేకులకు ఏది మేలో కుక్క కడుపుకూ అదే మేలు. వెనక కుక్క నిద్రపోతోందంటే బ్రేకులు చల్లగా ఉన్నాయని లెక్క. డ్యాష్‌బోర్డు మీద ఇంతకన్నా నమ్మకమైన ముల్లు లేదు.

నిద్రపోవడమంటే సోఫా మీద కాదు సుమా. ఇల్లులా ఉంది కదా అని ఆర్వీలో కుక్కను ఇష్టమొచ్చినట్టు తిరగనిస్తారు. ముప్పై కిలోల కుక్కను ఏ కట్టూ లేకుండా ఉంచి, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి ఒక్కసారిగా దేన్నైనా గుద్దిందనుకోండి. ఆ కుక్క ముందుకు ఎగిరి తగిలే దెబ్బ మూడంతస్తుల మేడ మీద నుంచి పడిన దెబ్బతో సమానం. అది ఎవరి మీద పడితే వాళ్లకూ అంతే. నేలకు బిగించిన గట్టి పంజరమో, సీటు బెల్టుకు తగిలించిన హార్నెస్సో ఉండాలి. కుక్క కోసం బండిని సవరించాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1903లో హొరేషియో జాక్సన్ అనే వెర్మాంట్ డాక్టరు యాభై డాలర్ల పందెం కాసి, సాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్ దాకా 63 రోజుల్లో మోటారు కారు నడిపాడు. అమెరికాను కారులో అడ్డంగా దాటిన మొదటివాడు అతనే. దారిలో ఐడహోలో బడ్ అనే బుల్‌డాగ్‌ను కొన్నాడు. కారుకు పైకప్పు లేదు, ముందు అద్దం లేదు, దుమ్ముకు కుక్క కళ్లు ఎర్రబడి కారుతుంటే తను పెట్టుకున్నట్టే దానికీ కళ్లజోడు పెట్టాడు. ఆ ఫొటో చూసి నేటికీ జనం నవ్వుకుంటారు. నిజానికి అందులో నవ్వవలసింది తక్కువ. బండిలో మనుషులకు ఏ ఇబ్బందో కుక్కకూ అదేనని గుర్తించి, దానికి తగిన సరంజామా చేయించినవాడు అతను.

ఇక వేడి సంగతి. దీని మీద కాసేపు ఆగాలి, ఎందుకంటే ఆర్వీ కొనేవాళ్లూ అద్దెకు తీసుకునేవాళ్లూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల కింద తప్ప. నోరు తెరిచి, నాలుక మీది తడిని రొప్పి ఆరబెట్టుకుని చల్లబడుతుంది. మామూలుగానే దాని ఒంటి వేడి 38, 39 డిగ్రీల మధ్య ఉంటుంది, 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. కొండల మీద చల్లగా ఉంటుంది కదా, బండిలో వదిలి ఓ గంట తిరిగొస్తే ఏమవుతుందని అడుగుతారు. మూసిన కార్లలో వేడి ఎంత పెరుగుతుందో కొలిచి 2005లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు ఒక పరిశోధన ప్రచురించారు. పిల్లల కోసం చేసిన పరిశోధన అది. బయట 22 డిగ్రీల హాయి వాతావరణం ఉన్నా, గంటలో లోపలి వేడి సగటున మరో 22 డిగ్రీలు పెరిగింది. ఆ పెరుగుదలలో ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే వచ్చాయి. కిటికీ కాస్త దించితే పెద్ద తేడా ఏమీ రాలేదు. కారు చిన్నది, ఆర్వీ పెద్దది, అంత తొందరగా వేడెక్కదని అనవచ్చు. నిజమే. అయితే కొండ మీద ఎండ పల్చటి గాలిలోంచి దిగుతుంది, తీక్షణత ఎక్కువ. పార్కింగ్ స్థలంలో చెట్టు నీడ దొరకడం అదృష్టం. పైగా పెద్ద బండి ఆలస్యంగా వేడెక్కుతుంది కాబట్టి, వదిలి వెళ్లినవాళ్లూ ఆలస్యంగానే తిరిగొస్తారు.

ఏసీ ఉంది కదా అన్నది తరవాతి మాట. మోటార్ హోమ్ గొప్పే అది, కుక్కకు చల్లని గది ఎప్పుడూ వెంట ఉంటుంది, హోటల్ వాకిట్లో బతిమాలుకోవడం లేదు, విమానం సామాన్ల గదిలో పెట్టడం లేదు అని. ఈ వాదనలో సగం నిజం ఉంది. దాని పడక, దాని గిన్నె, దాని వాసన రోజూ ఒకేచోట ఉండడం కుక్కకు పెద్ద ధైర్యం, నేను కాదనను. కానీ అద్దె బండ్లలో పైకప్పు మీద ఉండే ఏసీ సాధారణంగా బ్యాటరీ మీద నడవదు. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు తీగ తగిలించాలి, లేకపోతే జనరేటర్ వెయ్యాలి. పార్కుల్లోని క్యాంప్‌గ్రౌండ్లలో చాలావాటికి కరెంటు కనెక్షన్లే లేవు, జనరేటర్ వేసుకోవడానికి వేళలుంటాయి. పైకి వెళ్లిన కొద్దీ జనరేటర్ శక్తి కూడా తగ్గుతుంది, ప్రతి వెయ్యి అడుగులకూ రమారమి నూటికి మూడు వంతులు. గ్యాస్ మీద నడిచే పాతరకం ఫ్రిజ్జులు 5,500 అడుగులు దాటితే మొరాయిస్తాయి. కరెంటు పోయినప్పుడు బండిలోని ఏసీ ఎవరికీ చెప్పి ఆగదు. కాబట్టి చల్లని గదిని నమ్ముకుని కుక్కను వదలడం, సరిగ్గా ఆ గోదారి సామెతలో చెప్పిన రకం ఆసరా.

ఎత్తు మాటకొస్తే, కొలరాడోలో ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది. అక్కడి గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో మూడింట రెండు వంతుల కన్నా కాస్త తక్కువే. పొద్దున డెన్వర్‌లో టిఫిన్ తిని మధ్యాహ్నానికి అక్కడ నిలబడవచ్చు. మనిషికి తల నొప్పి పుడితే చెబుతాడు, కుక్క మందంగా పడుకుంటుంది, మనం అలిసిపోయింది పాపం అనుకుంటాం. గుండె జబ్బున్నవీ ముసలివీ మరీ తట్టుకోలేవు. ఒక రోజు మధ్య ఎత్తులో మజిలీ చేస్తే ఇద్దరికీ మంచిది. ఎనిమిది వేల అడుగుల దగ్గర నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి, అన్నం ఎంతసేపు ఉడికించినా పలుకు దిగదు. ప్రెషర్ కుక్కర్ మరచిపోయిన తెలుగు కుటుంబం ఎత్తు మహిమను తెలుసుకునేది ఇలాగే. పల్చటి గాలి మెతుకు దగ్గర చూపించే ప్రభావాన్ని ఊపిరి దగ్గరా చూపిస్తుందని గుర్తుంచుకుంటే చాలు.

ఇప్పుడు కొండ సంగతి. మోంటానాలో గ్లేసియర్ జాతీయ ఉద్యానం ఉంది. 1933లో ప్రారంభమైన గోయింగ్ టు ద సన్ రోడ్డు ఆ ఉద్యానాన్ని అడ్డంగా దాటుతుంది, నడిమధ్య 6,646 అడుగుల ఎత్తున లోగన్ పాస్. కొండ గోడను తొలిచి వేసిన దారి, ఒకవైపు రాయి, ఒకవైపు శూన్యం. దాని పైభాగంలోకి 21 అడుగుల కన్నా పొడవున్న, అద్దాలతో కలిపి 8 అడుగుల కన్నా వెడల్పున్న బండ్లను రానివ్వరు. అంటే అద్దె ఆర్వీల్లో చాలావాటికి ఆ దారి మూసినట్టే. కుక్కకు సగమే తెరిచి ఉంది, అదీ పేరుకే. కారులో కూర్చుని దాటిపోవచ్చు, దిగాక ఏ కాలిబాట మీదా అడుగు పెట్టకూడదు. యెల్లోస్టోన్‌లోనూ ఇంతే. రోడ్డుకూ పార్కింగ్‌కూ క్యాంప్‌గ్రౌండ్‌కూ వంద అడుగుల లోపల, ఆరడుగులు మించని పట్టెడ తాడుతో మాత్రమే కుక్క తిరగాలి. కాలిబాటల మీద, వేడినీటి బుగ్గల చుట్టూ వేసిన చెక్క వంతెనల మీద నిషేధం. ట్రెయిల్ రిడ్జ్ పైనున్న కాలిబాటలూ దానికి మూసే ఉంటాయి. అయితే బండినీ కుక్కనూ దాదాపు ఒకేచోట ఆపేస్తున్నారన్నమాట. ఇది కాకతాళీయం కాదు. రెండూ మన ఇంటిని కొండ మీదికి మోసుకెళ్లేవే, ఇంటికి కొండ మీద చోటు తక్కువ.

దీని మీద కుక్కలున్నవాళ్లకు చాలా కోపం. పొరుగున కెనడాలో, 1885 నాటి బాన్ఫ్ ఉద్యానంలో పట్టెడ వేసిన కుక్కను చాలా కాలిబాటల మీద నడిపించవచ్చు. అక్కడి కొండలూ ఇవే, ఎలుగుబంట్లూ ఇవే, మరి ఇక్కడెందుకీ కట్టడి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, నిషేధం ఒక్కటే దారి కాదని కెనడా చూపిస్తోంది. అలాగని రెండో వైపు మరచిపోకూడదు. స్విట్జర్లాండ్‌లో 1914లో ఏర్పడ్డ జాతీయ ఉద్యానంలోకి పట్టెడతో కూడా కుక్కను రానివ్వరు. దేశాన్ని బట్టి గీత ఎక్కడ గియ్యాలన్నది మారుతుంది, గీత అవసరమన్నది మారదు. జింకకూ కొండమేకకూ కుక్క అంటే తోడేలే. అది మొరగనక్కర్లేదు, దాని వాసన తగిలినా మేత వదిలి పరుగెడతాయి. పై కొండల్లో ఎండాకాలం రెండు నెలలే, ఆ రెండు నెలల మేతే వాటిని చలికాలం దాటిస్తుంది. ఎలుగుబంటి కథ వేరు. పట్టెడ లేని కుక్క దాని వెంటపడుతుంది, అది తిరగబడగానే భయపడి యజమాని దగ్గరికే పరుగెత్తుకొస్తుంది, వెనక ఎలుగును తీసుకుని. ఇలాంటి సందర్భంలో కాపలా అన్న మాటకు అర్థమే తిరగబడుతుంది. రాకీ లోయల్లో గొర్రెల మందలను కాచే పెద్ద తెల్ల కుక్కలు ఉంటాయి, కొత్త కుక్క కనిపిస్తే వాటికి అది దొంగే. అదీ లెక్కలోకి తీసుకోవాలి.

ఇక వేడినీటి బుగ్గలు. 1981 జూలైలో యెల్లోస్టోన్‌లో ఒక కుక్క ఆగిన బండిలోంచి తప్పించుకుని సెలెస్టీన్ అనే మడుగులోకి దూకింది. చూడడానికి నీలంగా, చల్లగా కనిపించే ఆ నీళ్లు తొంభై డిగ్రీలు దాటి ఉంటాయి. దాన్ని కాపాడాలని వెనకే దూకిన యువకుడు మర్నాడు ఆస్పత్రిలో చనిపోయాడు. కుక్కా దక్కలేదు. ఆ మనిషిది పిచ్చితనమని అనడానికి నాకు నోరు రాదు. మనం ప్రేమించేది నీళ్లలో పడితే ఆలోచించి దూకేవాళ్లు ఎవరున్నారు? అందుకే పట్టెడ అన్నది కుక్క మెడకు వేసేదే అయినా, రెండో కొసన ఉన్న మనిషిని ఆపడానికి కూడా. బండి తలుపు తెరిచేముందు పట్టెడ తగిలించడమన్న అలవాటు ఒక్కటి ఉంటే ఆ రోజు ఇద్దరూ బతికేవారు.

ఇదే యెల్లోస్టోన్‌కు రచయిత జాన్ స్టైన్‌బెక్ కూడా వెళ్లాడు. 1960లో పికప్ ట్రక్కు మీద చిన్న గది కట్టించుకుని, దానికి డాన్ క్విక్సోట్ గుర్రం పేరు రోసినాంటే అని పెట్టి, చార్లీ అనే పూడ్ల్ కుక్కతో అమెరికా చుట్టొచ్చాడు. ఆ పుస్తకం, ట్రావెల్స్ విత్ చార్లీ, 1962లో వచ్చింది, ఆయనకు నోబెల్ వచ్చిన ఏడాదే. అందులో కల్పన పాలు చాలానే ఉందని తరవాత పరిశోధకులు తేల్చారు, కాబట్టి సాక్ష్యంగా దాన్ని గట్టిగా పట్టుకోను. అయినా యెల్లోస్టోన్ ఘట్టం చెప్పుకోదగ్గది. సాధువులాంటి చార్లీ ఎలుగుబంట్లను చూడగానే ఒళ్లు మరచి రంకెలు వేసింది. స్టైన్‌బెక్ చేసిందేమిటి? బండి తిప్పుకుని పార్కులోంచి వెళ్లిపోయాడు. ప్రపంచమంతా చూడాలని తహతహలాడే చోటును చూడకుండా వెనుదిరిగాడు. నేను చెప్పే వాదనకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు. అక్కడ దారి తేల్చింది కుక్కే, సరిగ్గా తేల్చింది.

మరి ఏమీ చూడకుండా వెనక్కి రావడానికా అంత డబ్బు పోసి వెళ్లడం అంటారేమో. జాతీయ ఉద్యానాల సరిహద్దు దాటగానే, చాలాసార్లు అదే కొండల వరసలోనే, జాతీయ అడవులు మొదలవుతాయి. అవి వేరే శాఖ కింద ఉంటాయి, వాటి విస్తీర్ణం 19 కోట్ల ఎకరాల పైచిలుకు, మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే వచ్చేదానికి దాదాపు మూడు రెట్లు. అక్కడ చాలా కాలిబాటల మీద కుక్క నడవవచ్చు. క్యాంప్‌గ్రౌండ్లలో పట్టెడ వేస్తే చాలు. కరెంటూ కుళాయీ అక్కర్లేదనుకుంటే చాలాచోట్ల అడవి బాట పక్కనే ఉచితంగా 14 రోజుల దాకా బండి నిలుపుకోవచ్చు. అక్కడా నియమాలు లేకపోలేదు. ఎలుగులున్న అడవిలో రాత్రి తిండి బయట ఉంచకూడదు, తిండి అంటే మన పులిహోర డబ్బాయే కాదు, కుక్క గిన్నె కూడా. పేరున్న శిఖరాలు పార్కుల్లోనే ఉన్నాయన్నది నిజం, ఆ మాట దాచను. కానీ వాగూ, పైన్ చెట్ల నీడా, పొద్దున్నే మంచు తేలే పచ్చికా ప్రవేశ రుసుం ఉన్నచోటే పుడతాయా? అడవి తన వేళలు తాను నిర్ణయించుకోవడం మనకూ కొత్త కాదు. శ్రీశైలం వెళ్లేవాళ్లు రాత్రయితే మన్ననూరు దగ్గరో దోర్నాల దగ్గరో చెక్‌పోస్టులో బండి ఆపుకుని తెల్లవారేదాకా కూర్చుంటారు, పులుల దారిలో రాత్రి పూట మనుషులకు పని లేదు కాబట్టి. అక్కడ సణుగుకున్నవాళ్లే తెల్లారాక నల్లమల ఎంత బాగుందో చెప్పుకుంటారు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఒకటి మిగిలింది. ఇన్ని బాధలు పడే బదులు కుక్కను ఇంటి దగ్గరే, తెలిసినవాళ్ల దగ్గరో బోర్డింగ్‌లోనో వదిలి వెళ్లవచ్చు కదా? ఈ మాట అనగానే కుక్కలున్నవాళ్లు ధర్మరాజును తీసుకొస్తారు. తిక్కన గారి భారతం ఎరిగినవాళ్లకు పదిహేడో పర్వం గుర్తుండే ఉంటుంది. పాండవులు హిమాలయం దాటి పోతుంటే వెంట ఒక కుక్క నడుస్తుంది. ఒకరి తరవాత ఒకరు పడిపోతారు, కుక్క మాత్రం మిగులుతుంది. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటాడు, కుక్కకు చోటు లేదంటాడు. కొండ మీద, వాహనం దగ్గర, కుక్కలకు ప్రవేశం లేదని ఎవరైనా బోర్డు పెట్టడం బహుశా అదే మొదలు. ధర్మరాజు ఒప్పుకోడు. ఈ కథను ఎక్కడికైనా కుక్కను తీసుకెళ్లాల్సిందే అనడానికి వాడుకుంటారు గానీ, నాకు అందులో రెండు వేరే విషయాలు కనిపిస్తాయి. ఒకటి, ధర్మరాజు కుక్కను రథంలోకి తొయ్యలేదు, రథాన్నే వద్దన్నాడు. కుక్కతో వెళ్లడమంటే దాని కోసం ఒక ఎక్కడం మానుకోవడమని ఆయనకు తెలుసు. రెండు, ఆ కుక్క తన కాళ్ల మీద తాను, తన ఇష్టంతో వచ్చింది. మనది మనం ఎక్కిస్తే ఎక్కుతుంది. దానికి లోగన్ పాస్ చూడాలని లేదు. కాబట్టి తీసుకెళ్లాలా వద్దా అన్న బాధ్యత పూర్తిగా మనదే. చప్పిడి ముక్కున్న పగ్, బుల్‌డాగ్ జాతులకు వేడిలో రొప్పడమే కష్టం. బాగా ముసలి కుక్కలున్నాయి, గుండె జబ్బున్నవి ఉన్నాయి, కొత్తవాళ్లను చూస్తే వణికేవి ఉన్నాయి. ఇవి ఇంటి దగ్గరే సుఖపడతాయి. ఇక్కడ అభ్యంతరం చెప్పేవాళ్లే గెలిచారు, ఒప్పుకుంటాను. ఆరోగ్యంగా, మనుషులకు అలవాటుపడి, బండి అంటే భయంలేని కుక్కకు మాత్రం వారం రోజులు పరాయి పంజరంలో కన్నా ఇంటివాళ్లతో మెల్లగా సాగే ప్రయాణమే మేలు. ఆ మెల్లగా అన్న మాట తీసేస్తే నా వాదన నిలవదు.

ఇంట్లోనే మరో అభ్యంతరం ఉంటుంది, బయటివాళ్లు ఎత్తరు. గుంటూరు నుంచో వరంగల్ నుంచో ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలు కూడా అదే బండిలో ఉంటారు. వంటింట్లో కుక్క తిరగడం అమ్మగారికి ససేమిరా, ఇక్కడ వంటింటికీ పడకగదికీ మధ్య నాలుగడుగుల దూరం. ఆవిడది చాదస్తమని కొట్టిపారెయ్యకండి. కుక్క పంజరం వెనక వైపు బిగించి, తిండి బయట పందిరి కింద పెట్టి, వంట వేళకు ఎవరో ఒకరు దాన్ని నడకకు తీసుకెళ్తే ఆవిడ మాటా చెల్లుతుంది, కుక్కకు కావలసిన నడకా దొరుకుతుంది. బండి నడిపినవాడికి వెన్ను సాగదీసుకునే వంక కూడా.

పర్యావరణం మాట ఎత్తేవాళ్లకు సూటిగా జవాబు లేదు. ఈ బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు దాటడం కష్టం, అది తప్పు కాదని నేనెలా అనను? కానీ ఆ తప్పు ఎంత పెద్దదో తేల్చేది దూరం. మనవాళ్ల సెలవు ప్రణాళిక చూడండి. డెన్వర్‌లో బయల్దేరి టీటన్, యెల్లోస్టోన్, గ్లేసియర్ చూసి వారంలో తిరిగి రావాలి. రానూపోనూ రెండు వేల మైళ్ల పైమాటే. రోజంతా స్టీరింగు, సాయంత్రం ఒక ఫొటో, రాత్రి మళ్లీ సామాను సర్దుడు. కుక్క రెండు గంటలకోసారి దిగాలి, మధ్యాహ్నం ఎండలో కదలకూడదు, ఎత్తు అలవాటు కావడానికి ఒక రోజు కావాలి. ఈ మూడూ లెక్కలో వేస్తే ఆ ప్రణాళిక చిరిగిపోతుంది. మిగిలేది ఒక లోయ, ఒక అడవి క్యాంపు, ఐదు రాత్రులు. ఖర్చయ్యే ఆయిల్ మూడో వంతుకు పడిపోతుంది.

తక్కువ చూసినట్టు కాదా అంటే, ఎవరు చూడడం అని ఎదురు అడగాలి. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు యాభై అరవై లక్షలుంటే కుక్క ముక్కులో ఇరవై కోట్లకు పైనే. వ్యూ పాయింట్ దగ్గర దాన్ని ఎత్తి చూపిస్తే అది కొండను చూడదు, రెయిలింగ్ కింద ఎవరో పారేసిన చిప్స్ పొట్లాన్ని చూస్తుంది. అదే వాగు ఒడ్డున ఫర్లాంగు దూరం నడిపిస్తే, రాత్రి అటుగా ఏమేం వచ్చి పోయాయో అంతా చదువుకుంటుంది. లోగన్ పాస్ ఎక్కకపోతే దానికి పోయిందేమీ లేదు, బెంగంతా మనకే. ఆ బెంగకూ ఒక మందుంది. గ్లేసియర్‌లో 1930ల నాటి ఎర్ర బస్సులు ఇంకా నడుస్తున్నాయి, పైకప్పు తీసేసి కొండ పైకి తీసుకెళ్తాయి. కుక్కను ఎక్కించుకోరు. సగం మంది ఒక రోజు, సగం మంది మర్నాడు వెళ్లవచ్చు. కింద చెట్టు నీడన కుక్కతో మొదటి రోజు ఎవరుండాలో చీటీలు వేసుకుంటే సరిపోతుంది. అమ్మగారి పేరు మాత్రం వెయ్యకండి.